ఆర్డర్ కాల్స్ రికార్డు చేయడానికి ఏ పరికరం తీసుకోవాలి? (ఒక లాండ్‌లైన్, రెండు మొబైళ్లు)

మందుల_కౌంటర్
మందుల హోల్‌సేల్ షాపు, విజయవాడ. ఆర్డర్లన్నీ ఫోన్లోనే. "పది" అంటే పది స్ట్రిప్పులా, పది బాక్సులా? "అరవై" అన్నారా, "ఇరవై" అన్నారా? సరుకు దిగాక రోజూ ఇదే పంచాయితీ. అందుకే రికార్డు పెట్టేద్దామని. ఉన్నవి: ఫైబర్ మీద వచ్చే లాండ్‌లైన్ ఒకటి (తీగ ఫోనే, కార్డ్‌లెస్ కాదు), శాంసంగ్ ఒకటి, ఐఫోన్ ఒకటి. అన్నీ కలిపి రోజుకు మూడు గంటల మాటలు. మూడింటికీ పనికొచ్చే ఒకే పరికరం ఎనిమిది వేలలోపు ఉందా? యాప్‌లు మాత్రం చెప్పకండి. ప్లేస్టోర్‌లో దొరికినవన్నీ అయ్యాయి, మన గొంతు తప్ప అవతలి వాళ్లది రావట్లేదు.

రాగితీగ
పరికరం సంగతి తర్వాత. ముందు శబ్దాన్ని ఎక్కడ పట్టుకుంటారో తేల్చుకోండి. లైన్ మీద పట్టుకోవచ్చు, రిసీవర్‌కి వెళ్లే మెలికల తీగ మీద పట్టుకోవచ్చు, చెవి దగ్గర పట్టుకోవచ్చు, ఫోన్ లోపలే పట్టుకోవచ్చు. మీ మూడు ఫోన్లకీ ఉమ్మడి చోటు చెవి ఒక్కటే. కాబట్టి "ఒకటే కావాలి" అన్న పట్టు వదలకపోతే జవాబూ ఒకటే: చెవిలో పెట్టుకునే మైకు, దానికో చిన్న వాయిస్ రికార్డరు. ఒలింపస్ టీపీ-8 ఆ బాపతు. చూడ్డానికి ఇయర్‌ఫోన్‌లాగే ఉంటుంది గానీ లోపల ఉన్నది స్పీకరు కాదు, మైకు. చెవిలో పెట్టుకుని ఫోన్‌ని ఆ చెవికే ఆనించాలి. ఫోన్ ఏ కంపెనీది, కాల్ సిమ్‌దా వాట్సాప్‌దా అన్న తేడా దానికి లేదు.

అమీర్‌పేట_అన్న
మంచిగనే ఉన్నది గని, కౌంటర్ల కూసున్న పిలగాడు పొద్దుగాల్నుంచి రాత్రి దాక చెవిల అది పెట్టుకోని కూసుంటడా అన్నా? రెండో రోజు తీసి డ్రాయర్ల పడేస్తడు. శాంసంగ్‌ల ఉత్తగ వచ్చేదానికి పైసలెందుకు? ఫోన్ యాప్ తెరువు, మూడు చుక్కలు, సెట్టింగ్స్, రికార్డ్ కాల్స్, ఆటో రికార్డ్. అన్ని కాల్సా, సేవ్ చెయ్యని నంబర్లేనా, కొన్ని నంబర్లేనా అని అడుగుతది. "అన్నీ" అను, అయిపాయె. ఫైళ్లు రికార్డింగ్స్ ఫోల్డర్ల కాల్ అనే దాంట్ల ఉంటయి.

మందుల_కౌంటర్
అన్నగారూ, మరి ఆ యాప్‌లు చేయలేనిది శాంసంగ్ ఎలా చేస్తోంది?

డయలర్_దుర్గ
ఫోన్‌తో పాటు వచ్చిన డయలర్‌కి కాల్ ఆడియో ముట్టుకునే హక్కు ఉంటుంది, బయటి యాప్‌కి ఉండదు. ఆండ్రాయిడ్ 10 నుంచి కాల్ నడుస్తుండగా బయటి యాప్‌కి లైన్ శబ్దం అందదు. యాక్సెసిబిలిటీ అనుమతిని (వైకల్యం ఉన్నవాళ్లకి సాయపడే యాప్‌ల కోసం ఇచ్చేది) అడ్డం పెట్టుకుని కొందరు కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. 2022 మే 11 నుంచి ప్లేస్టోర్ నియమాల్లో దాన్నీ మూసేశారు. గూగుల్ సొంత ఫోన్ యాప్ ఉన్న సెట్లలో రికార్డు నొక్కగానే ఇద్దరికీ వినపడేలా ప్రకటన వస్తుంది. శాంసంగ్ డయలర్‌తో మన దగ్గర ఆ ప్రకటన లేదు. ఒక హెచ్చరిక: వాట్సాప్ కాల్‌ని ఈ ఆటో రికార్డ్ పట్టుకోదు. మీ ఆర్డర్లలో అవి ఎన్నో చూసుకోండి.

ఐఫోన్‌కి ఐఓఎస్ 18.1 నుంచి ఉంది. కాల్ మధ్యలో రికార్డింగ్ గుర్తు నొక్కాలి, ప్రకటన తప్పదు, ఫైలు నోట్స్ యాప్‌లోకి వెళ్తుంది. కానీ ప్రతి కాల్‌కీ నొక్కాల్సిందే. కౌంటర్ మీద హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది?

షార్జా_సాంబారు
గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఐఫోన్‌లో ఆ గుర్తు కోసం వెతుక్కోకండి. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లలో ఆ సౌకర్యమే ఇవ్వలేదు. యూఏఈలోనైతే అవతలి మనిషి ఒప్పుకోకుండా రికార్డు చేయడమే నేరం. చెవి మైకు కొన్నంత మాత్రాన చట్టం మారదు.

డెసిబెల్
రాగితీగ గారు చెప్పిన చెవి మైకుకి కొన్ని సంగతులు కలపాలి. అది బతకాలంటే రికార్డరు మైకు సాకెట్ దానికి కాస్త కరెంటు ఇవ్వాలి, ప్లగ్-ఇన్ పవర్ అంటారు. లైన్-ఇన్ రంధ్రంలో గుచ్చితే నిశ్శబ్దమే. మొబైల్ హెడ్‌సెట్ రంధ్రంలో నేరుగా గుచ్చినా అంతే: అక్కడ పిన్నుకి నాలుగు పట్టీలుండాలి, మైకు పిన్నుకి అన్ని ఉండవు.

రికార్డరు సోనీ ఐసీడీ-పీఎక్స్470 చాలు. లోపల 4 జీబీ, మైక్రోఎస్‌డీ స్లాటు, రెండు ట్రిపుల్-ఏ సెల్స్, కంప్యూటర్‌కి గుచ్చడానికి యూఎస్‌బీ దానికే ఉంటుంది. ఎంపీ3 128 కేబీపీఎస్‌లో గంటకు 57.6 ఎంబీ. మీ మూడు గంటలకి రోజుకి 173 ఎంబీ, అంటే లోపలి మెమరీ ఇరవై రోజులకి నిండుతుంది. 48 కేబీపీఎస్‌లో గంటకు 21.6 ఎంబీయే. ఫోన్ గొంతుకి అదీ సరిపోతుంది, ఎందుకంటే పాత లైన్లో వచ్చేదే 300 నుంచి 3400 హెర్ట్జ్. లేని శబ్దాన్ని ఎక్కువ బిట్‌రేట్ పుట్టించదు.

అసలు చెప్పాల్సింది ఇది: వీఓఆర్ ఆపేయండి. మాట వినపడితేనే రికార్డయ్యే సౌకర్యం అది. మాట మొదలయ్యాకే మేల్కొంటుంది కనక మొదటి అక్షరం మింగేస్తుంది. "ఇరవై" మొదటి అక్షరం పోతే "రవై". "అరవై" మొదటి అక్షరం పోయినా "రవై"యే. మీ పంచాయితీ ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది.

బ్యాటరీ_బాబాయ్
ఇరవై డబ్బులు తీసుకుని అరవై సరుకు పంపితే ఏ కస్టమరూ ఫోన్ చేయడు లెండి, అప్పుడు రికార్డరే అక్కర్లేదు 😄

రాగితీగ
వీఓఆర్ ఒక్కటే దొంగ కాదు, ఏజీసీ (శబ్దం లెవెల్‌ని దానంతట అదే సర్దే ఏర్పాటు) కూడా. లైన్ మీద పట్టుకుంటే మన గొంతు గట్టిగా, దూరం నుంచి వచ్చేది సన్నగా ఉంటుంది, అవతలిది దారి పొడుగునా బలం తగ్గి వస్తుంది కనక. మనం గట్టిగా "చెప్పండి" అనగానే ఏజీసీ లెవెల్ దించేస్తుంది. అది మళ్లీ పైకెక్కేలోపు అవతలివాడు అంకె చెప్పేసి ఉంటాడు. చేతి లెవెల్ ఉంటే అది పెట్టుకోండి, మన గొంతు గరిష్ఠంగా మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా. లేకపోతే మైకు సెన్సిటివిటీ "లో".

కేబుల్_కాకినాడ
అంత దూరం ఎందుకండీ, సక్షన్ కప్ కాయిల్ ఉంది కదా. ఫోన్ వెనక అంటించి పిన్ను రికార్డర్‌లో పెట్టడమే.

రాగితీగ
పాత నల్ల ఫోన్ల రోజుల్లో. వాటిలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, దాని అయస్కాంత క్షేత్రం బయటికి లీకయ్యేది, కాయిల్ దాన్ని పట్టేది. ఇప్పటి పుష్‌బటన్ ఫోన్లలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. పోనీ రిసీవర్‌లో చెవి వైపు డైనమిక్ స్పీకర్ ఉంటే దాని వెనక అంటించండి, కొంత వస్తుంది. దానితో పాటు ట్యూబ్‌లైట్ చోకు గుర్రు కూడా వస్తుంది. మందుల షాపులో ట్యూబ్‌లైట్లకి కొదవా?

అమీర్‌పేట_అన్న
గట్లయితే లాండ్‌లైన్ లైన్ మీదనే పట్టుకోవాలె. గోడ మీది రోజెట్ డబ్బ కాడ రెండు తీగలకు మైకు పిన్ను కలిపితే కాదా?

రాగితీగ
అన్నా, ఆ పని మాత్రం చేయకు! లైన్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు తీగల మధ్య 48 వోల్టుల డీసీ. రింగ్ వచ్చినప్పుడు దాని మీద 75 వోల్టుల ఏసీ ఎక్కుతుంది. 75ని 1.414తో గుణిస్తే శిఖరం 106, దానికి 48 కలిపితే 154 వోల్టులు. రికార్డరు మైకు సాకెట్ మొదటి రింగ్‌కే పోతుంది. చేతిలో తీగ ఉంటే నువ్వు కూడా ఎగిరి కూర్చుంటావు.

మధ్యలో 600 ఓమ్‌ల 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. దానికి లైన్ వైపు ఒక తీగకి సిరీస్‌లో 0.47 నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కనీసం 250 వోల్టులది. కెపాసిటర్ మానేస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోంచి డీసీ పారుతుంది, రిసీవర్ ఎత్తినట్టే అనుకుని లైన్ ఎప్పుడూ ఎంగేజ్‌లో ఉంటుంది. మంచి రెడీమేడ్ రికార్డింగ్ అడాప్టర్లలో ముఖ్యంగా ఉండేది ఇదే. విడి భాగాలతో చేసుకోగలిగినవాళ్లు చేసుకోవచ్చు, లేనివాళ్లు అడాప్టరే కొనడం మేలు. కొనేముందు ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో అడగండి. కెపాసిటర్, రెసిస్టర్లతో సరిపెట్టిన చవక రకాలతోనే 50 హెర్ట్జ్ గుర్రు వస్తుంది.

కేబుల్_కాకినాడ
వీరిది ఫైబర్. రోజెట్‌కి, ఎక్స్ఛేంజ్‌కి సంబంధం లేదు. ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ వచ్చి చేరేది) వెనక ఫోన్ అని రాసున్న పోర్టు ఉంటుంది, దానికీ ఫోన్‌కీ మధ్య అడాప్టర్ పెట్టాలి. పాత రోజెట్‌కి పెడితే చచ్చిన తీగని రికార్డు చేసినట్టే. ఇంకోటి: కొన్ని ఓఎన్‌టీలు ఖాళీగా ఉన్నప్పుడు 48కి తక్కువే ఇస్తాయి. రిసీవర్ ఎత్తడాన్ని వోల్టేజ్ తగ్గడాన్ని బట్టి కనిపెట్టే రికార్డర్లు అక్కడే తికమకపడతాయి. ముందు మల్టీమీటర్ పెట్టి రెండంకెలూ రాసుకోండి, రిసీవర్ పెట్టినప్పుడు ఒకటి, ఎత్తినప్పుడు ఒకటి (సాధారణంగా పది వోల్టుల చుట్టుపక్కలకి పడిపోతుంది). రిసీవర్ ఎత్తినట్టు లెక్కేసే వోల్టేజ్ గీతని మార్చుకునే సెట్టింగ్ రికార్డర్‌లో ఉంటే ఆ రెండింటి మధ్య పెట్టండి.

బ్యాటరీ_బాబాయ్
కరెంటు పోతే ఓఎన్‌టీ పోతుంది, ఓఎన్‌టీ పోతే ఫోన్ పోతుంది. రాగి తీగకి ఈ బాధ లేదు. కంప్లైంటుకి 198కి ఫోన్ చేద్దామన్నా ఫోనే ఉండదు. ఓఎన్‌టీకి చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోండి. చాలావాటికి అడాప్టర్ 12 వోల్టులదే, మీ పెట్టె కింద స్టిక్కర్ చూసి కొనండి.

డెసిబెల్
మెలికల తీగ దారి కూడా మర్చిపోకండి. రిసీవర్‌కీ ఫోన్ పెట్టెకీ మధ్య పెట్టే అడాప్టర్. 48 వోల్టుల గొడవే లేదు, రింగ్ అటు రాదు. డిజిటల్ ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఎక్స్ఛేంజ్) ఎక్స్‌టెన్షన్ ఉన్న ఆఫీసుల్లో చెవి మైకు కాకపోతే ఇదే తేలికైన దారి, లైన్ మీద అక్కడ గొంతు కాదు, అంకెలు పోతుంటాయి కనక. నాలుగు పిన్నుల్లో మధ్య రెండూ చెవివి, చివరి రెండూ మైకువి అనేది ఎక్కువగా కనిపించే అమరిక. అన్ని ఫోన్లకీ అదే కాదు. అడాప్టర్ మీద అమరిక మార్చే స్విచ్ ఉన్నది తీసుకోండి.

నాలుగోగేర్
మొబైల్ వెనక అంటించే ఏఐ రికార్డర్లు వచ్చాయి కదా, ప్లాడ్ నోట్ లాంటివి. అట్టముక్కంత పలచన. దాని మాటేమిటి?

డయలర్_దుర్గ
అది ఫోన్ ఒళ్లు అదిరే అదురుని పట్టుకుంటుంది. కాబట్టి ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడినప్పుడే. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ఫోన్ అదరదు, అవతలి గొంతు రాదు. లాండ్‌లైన్‌కి పనికిరాదు. కాల్ మోడ్‌కీ మామూలు మోడ్‌కీ స్విచ్ ఉంటుంది, తప్పుగా ఉంటే షాపు గోలంతా వచ్చి కాల్ రాదు. మందపాటి రబ్బరు కవర్ ఉన్నా బలం తగ్గుతుంది. ఐఫోన్ ఒక్కదానికే అయితే ఆలోచించవచ్చు.

ఐఫోన్‌కి ఇంకో దారి బ్లూటూత్ రికార్డర్. ఫోన్ దాన్ని హెడ్‌సెట్ అనుకుంటుంది, కాల్ దాని ద్వారానే నడుస్తుంది కాబట్టి రెండు గొంతులూ శుభ్రంగా వస్తాయి. పేచీ ఒకటే, ఆ పెట్టెతోనే మాట్లాడాలి. కాల్ మధ్యలో ఎవరో స్పీకర్ నొక్కితే ఆడియో ఫోన్ మీదికి మారిపోతుంది, రికార్డర్‌లో మిగిలేది నిశ్శబ్దం.

ఆస్టరిస్క్_అప్పారావు
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, వ్యాపారానికి మనిషి నొక్కాల్సిన పనేదీ నిలవదు. మనిషి చేయి పడకుండా రికార్డయ్యేదే కావాలి. లాండ్‌లైన్‌ని గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ813 గేట్‌వేలోకి (ఫోన్ లైన్‌ని నెట్ కాల్‌గా మార్చే పెట్టె) పంపండి, దానికి లైన్ వచ్చే పోర్టు ఒకటి, ఫోన్ పెట్టే పోర్టు ఒకటి. పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఆస్టరిస్క్, కాల్స్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. డయల్‌ప్లాన్‌లో (కాల్ ఎలా నడవాలో రాసే ఫైలు) రికార్డు చేసే మిక్స్‌మానిటర్ ఆదేశం ఒక్క లైను, బీ ఆప్షన్‌తో, అంటే ఇద్దరూ కలిశాక మాత్రమే రికార్డవుతుంది. 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్‌లో గంటకు 57.6 ఎంబీ. మూడు గంటల చొప్పున నెలకి 26 రోజులకి నాలుగున్నర జీబీ. ఏడాదంతా కలిపినా 64 జీబీ కార్డు నిండదు. ఫైలు పేరులోనే నంబరు, తేదీ, సమయం.

బ్యాటరీ_బాబాయ్
మందులు అమ్ముకునేవాడి చేత ఆస్టరిస్క్ రాయిస్తున్నారు. రేపు ఆయన మన చేత షెడ్యూల్ హెచ్1 మందుల రిజిస్టర్ రాయిస్తాడు.

రాగితీగ
అప్పారావు గారు చెప్పింది అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతే, కానీ పై, గేట్‌వే కలిపితే ఎనిమిది వేలు దాటుతుంది. పైగా ఒక గొయ్యి ఆయన చెప్పలేదు. అవతలివాడు పెట్టేసిన సంగతి గేట్‌వేకి తెలియాలి. తెలియకపోతే కాల్ నడుస్తోందనే అనుకుంటుంది, రెండు గంటల "టూ... టూ..." రికార్డవుతుంది, ఈలోపు లైన్ ఎంగేజ్.

ఆస్టరిస్క్_అప్పారావు
ఒప్పుకుంటున్నాను, అది అందరూ పడే గొయ్యే. మందు ఇది: గేట్‌వే సెట్టింగుల్లో లైన్ పోర్టు కింద డిస్‌కనెక్ట్ టోన్ ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి అమెరికా అంకెలతో వస్తుంది. మన ఎంగేజ్ టోను 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోగి 750 ఆగుతుంది. అవి నింపి టోన్ డిటెక్షన్ ఆన్ చేయండి. కాల్ తెగగానే ఓఎన్‌టీ లైన్ ధ్రువాలు తిప్పే రకమైతే పోలారిటీ రివర్సల్ వాడుకోవచ్చు, అది ఇంకా ఖచ్చితం. ఏదీ కుదరకపోతే కాల్‌కి 20 నిమిషాల గరిష్ఠ పరిమితి పెట్టేయండి. ఏ ఆర్డరూ అంతసేపు సాగదు. నంబరు కనపడకపోతే కాలర్ ఐడీ పద్ధతిని ఎఫ్ఎస్‌కే నుంచి డీటీఎంఎఫ్‌కి మార్చి చూడండి.

సెక్షన్_63
పంచాయితీ షాపు దగ్గరే ఆగితే ఏ ఫైలైనా చాలు. కోర్టు దాకా వెళ్తే మాత్రం: 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే పాత 65బీ ధ్రువపత్రం ఇప్పుడు సెక్షన్ 63(4). నమూనా షెడ్యూల్‌లో ఉంది. పార్ట్-ఏ పరికరం చూసుకునేవారు, పార్ట్-బీ నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి సంఖ్య) అందులో రాయాలి. అందుకే అసలు ఫైలు కత్తిరించకండి, ఎంపీ3 నుంచి ఇంకోదానికి మార్చకండి, వాట్సాప్‌లో పంపి అదే దాచుకోకండి. రికార్డరు గడియారం సరిగ్గా పెట్టండి. సెల్స్ తీసి ఎక్కువసేపు ఉంచితే గడియారం మొదటికొస్తుంది, ఆ తర్వాతి ఫైళ్లన్నీ ఏదో పాత తేదీతో పుడతాయి.

మీరు ఒక పక్షంగా ఉన్న కాల్‌ని మీరు రికార్డు చేయడం వేరు, వేరేవాళ్ల మాటలు చాటుగా వినడం వేరు. భార్య ఇతరులతో మాట్లాడినవి భర్త రికార్డు చేయడం చట్టవిరుద్ధమని గతంలో ఒక కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కౌంటర్ ఫోన్‌లో ఉద్యోగుల ఇంటి కాల్స్ కూడా పడతాయని గుర్తుంచుకుని వాళ్లకి ముందే చెప్పండి. కస్టమర్‌కీ ఒక మాట చెప్పేస్తే మర్యాదా ఉంటుంది, "రికార్డవుతోంది" అనగానే అంకెలూ జాగ్రత్తగా చెప్తారు.

ఫ్రీమాంట్_పప్పుచారు
ఇక్కడ కాలిఫోర్నియాలో అది మర్యాద కాదు, తప్పనిసరి. అందరూ ఒప్పుకోవాలి. టెక్సస్, న్యూజెర్సీల్లో ఒకరు ఒప్పుకుంటే చాలు. డాలస్ వాళ్ల సలహా విని ఇక్కడ చెవి మైకు పెట్టుకోకండి.

మందుల_కౌంటర్
అందరివీ రెండుసార్లు చదివాను. "ఒకే పరికరం" పట్టు వదిలేశాను. శాంసంగ్‌కి లోపలి ఆటో రికార్డు. ఐఫోన్‌కి వచ్చే ఆర్డర్ కాల్స్‌ని శాంసంగ్‌కి మళ్లిస్తాం, ఆ నంబరు ఇకపై ఇంటికే. లాండ్‌లైన్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అడాప్టర్, పీఎక్స్470. ఒక సందేహం: వీఓఆర్ ఆపేస్తే రోజంతా ఖాళీ శబ్దం రికార్డవుతుంది కదా? ఫోన్ ఎత్తినప్పుడల్లా నొక్కడం కుదరదు.

డెసిబెల్
రోజుకి పది గంటలు వదిలేయండి. 48 కేబీపీఎస్‌లో 216 ఎంబీ, 32 జీబీ కార్డులో నాలుగున్నర నెలలకి పైగానే. ఒక గంటకి ఒక ఫైలు వచ్చేలా మధ్యలో ఆపి మొదలుపెట్టండి, వెతకడం తేలిక. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఖాళీ భాగం గీతలాగా, కాల్ గుట్టలాగా కనపడుతుంది, కంటితోనే పట్టేయొచ్చు. అసలు ఫైలుని అందులో సేవ్ చేయకండి, చూడటానికి కాపీ వాడండి. రీచార్జి సెల్స్ రెండు జతలు పెట్టుకోండి.

రాగితీగ
పెట్టాక గుర్రు వినపడితే ముందు రికార్డర్‌ని కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి తీసేసి వినండి. పోతే అది ఎర్త్ లూప్, సెల్స్ మీదే నడపండి. "టిటిట్ టిటిట్" అని వస్తే అది 2జీలో ఉన్న మొబైల్, సెకనుకు 217 సార్లు కొట్టే రేడియో. ఆ శాంసంగ్‌ని రికార్డరు తీగకి అడుగు దూరం జరపండి.

అమీర్‌పేట_అన్న
ఇంకోటి, ఆర్డర్ తీసుకునేటోడు చివర్ల తిరిగి చదవాలె: "ఇరవై, రెండు సున్నా, బాక్సులు." అది గూడ రికార్డయితది.

మందుల_కౌంటర్
ఆ వాక్యం అట్ట మీద రాసి ఫోన్ పక్కన అంటించేశాం అన్నా. అడాప్టర్ గురువారం వస్తుంది, మల్టీమీటర్ అంకెలు ఇక్కడే పెడతాను.